బోదకాలు: ఊరంతయు కలిసి తొలగింపవలసిన వ్యాధి

వ్యవసాయదారునకు మూలధనము మూడు విధములు. భూమి మొదటిది, పశువులు, పనిముట్లు రెండవది, కాయకష్టము చేయగల దేహము మూడవది. మొదటి రెంటికొఱకును మన సహకార సంఘములు అప్పు లిచ్చుచున్నవి, విత్తనములను ఎరువులను సరఫరా చేయుచున్నవి. మూడవదానిని గూర్చి మాత్రము మన సర్వసభ్య సమావేశములలో ప్రస్తావన యరుదు. చేనికి తెగులు సోకినచో ఊరెల్ల కలవరపడును. పొరుగువాని కాలు పదియేండ్లుగా వాచుచున్నను “వాని ప్రారబ్ధము” అని యూరకుందుము. సంఘపు బకాయీల పట్టికలో వాయిదా తప్పిన సభ్యుని పేరుండును, బాకీ మొత్తముండును. ఆ వాయిదా తప్పుటకు కారణమైన రోగము పేరు మాత్రముండదు.

కావున ఈ మాసమున మేము బోదకాలు వ్యాధిని గూర్చి సభ్యులకు కొన్ని సంగతులు మనవి చేయదలచితిమి. ఈ వ్యాధి యెవరి కర్మఫలమును కాదు. దీనిని తొలగించు సాధనము మన చేతిలోనే యున్నది. కాని యా సాధనమును ఒకరిద్దరు వాడిన ఫలింపదు. ఊరంతయు కలిసి వాడవలెను. ఈ మూడు మాటలను విశదపఱచుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఉపేక్షింపబడిన వ్యాధులు

ప్రపంచారోగ్య సంస్థవారు ఉష్ణదేశములలో ఉపేక్షకు గుఱియైన వ్యాధులని యొక పట్టికను ఏర్పఱచియున్నారు. అందు సుమారు ఇరువది వ్యాధులు కలవు. కుష్ఠు, నులిపురుగులు, డెంగ్యూ జ్వరము, గజ్జి, పిచ్చికుక్క కాటు, పాముకాటు, బోదకాలు మొదలైన వన్నియు ఆ పట్టికలోనివే. ప్రపంచములో నూఱుకోట్లకు మించిన జనులు వీనిచే బాధపడుచున్నారని ఆ సంస్థ లెక్కించినది.

ఇంతమందిని బాధించు వ్యాధులు ఉపేక్షింపబడుట యేల యని సభ్యులు అడుగవచ్చును. కారణములు స్పష్టముగనే యున్నవి. మొదటిది, వీనిలో పెక్కు వ్యాధులు కలరావలె ఒక్క వారములో ప్రాణములు తీయునవి కావు. ఏండ్ల తరబడి మనిషిని కొంచెము కొంచెముగా పనికి దూరము చేయును. చావులను లెక్కించువారి కంటికి ఇట్టి బాధ కానరాదు. రెండవది, ఇవి మురుగు ప్రక్కను గుడిసెలలో నివసించువారికి, చెప్పులు లేక నడచువారికి ఎక్కువగా వచ్చునవి. అట్టివారికి మందు చేసి యమ్మిన కంపెనీకి లాభము స్వల్పము. మూడవది, రోగియే సిగ్గుచే రోగమును దాచును. వరిబీజము గల పురుషుడు వైద్యునితో చెప్పుటకు లజ్జించును. కాలు వాచిన కన్యను, పెండ్లి సంబంధము తప్పిపోవునను భయముచే, ఇంటివారు చాటున నుంచుదురు.

ఉపేక్ష విడిచిన చోట ఫలితమెట్లుండునో నారికురుపు కథ తెలుపును. మన తాతలనాడు దిగుడుబావుల నీరు త్రాగు గ్రామములలో నారికురుపు సామాన్యముగ నుండెడిది. చర్మము క్రిందనుండి గజము పొడవు వఱకు గల పురుగు వెలికి వచ్చెడిది. దానికి టీకా లేదు, చంపు మందును లేదు. త్రాగునీటిని గుడ్డతో వడకట్టుట, దిగుడుబావులను మాన్పి కట్టుబావులను గొట్టపుబావులను ఏర్పఱచుట, కురుపు గలవారిని నీటిలోనికి దిగనీయకుండుట అను పనులతోనే దానిని రూపుమాపినారు. మన దేశములో కడపటి రోగి 1996లో కనబడెను. 2000 సంవత్సరమున భారతదేశము ఆ వ్యాధినుండి విముక్తమైనదని ప్రపంచారోగ్య సంస్థవారు ధ్రువపఱచిరి. మందు లేని వ్యాధియే పోయినప్పుడు, మందున్న బోదకాలు పోకుండుటకు మన ఉపేక్ష తప్ప వేఱు హేతువు చెప్పుట కష్టము.

పురుగు, దోమ, మనిషి

బోదకాలునకు కారణము దారమువంటి సన్నని పురుగు. శాస్త్రజ్ఞులు దానిని వుచరేరియా బాంక్రాఫ్టై అని పిలుతురు. ఆడపురుగు మూడు నాలుగు అంగుళముల పొడవుండును. ఇవి మన దేహమందలి రసనాళములలో కాపురముండును. రక్తనాళములనుండి ఊరి, కండలలోనికి చేరిన పలుచని రసమును మరల రక్తములోనికి చేర్చు కాలువలే యీ రసనాళములు.

మాగాణి రైతునకు ఈ సంగతి తెలియుట సులభము. పొలములో మురుగుకాలువ పూడినచో నీరు తీయక, నేల ఊటయెక్కి, పైరు చెడును. అట్లే పురుగులు చేరి పాడుచేసిన రసనాళము పనిచేయనప్పుడు కాలియందు రసము నిలిచి వాపు కలుగును. కొందఱికి చేతులు, మఱికొందఱు స్త్రీలకు స్తనములును వాచును. పురుషులలో పెక్కుమందికి అండకోశమున నీరు చేరును. దీనినే వరిబీజమనియు, బుడ్డ యనియు జనులు చెప్పుకొందురు.

పెద్దపురుగులు సుమారు అయిదేండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు జీవించును. ఆ కాలమంతయు ఆడపురుగు లక్షలకొలది సూక్ష్మమైన పిల్లలను కనుచుండును. అవి రక్తములో చేరి, పగటివేళ ఊపిరితిత్తుల నాళములలో దాగియుండి, రాత్రి పదిగంటల మొదలు రెండుగంటల వఱకు చర్మమునకు సమీపముగ వచ్చును. వీనిని మోయు క్యూలెక్స్ దోమ కుట్టునదియు ఆ వేళలయందే. ఆరోగ్యశాఖవారు నడిరాత్రి తలుపు తట్టి రక్తపుచుక్క నడుగుటకు కారణ మిదియే గాని వేఱు కాదు.

దోమ త్రాగిన రక్తముతోపాటు పురుగుపిల్లలు దాని కడుపులో ప్రవేశించి, పది మొదలు పదునాలుగు దినములలో ఎదుగును. ఆ దోమ మఱియొకరిని కుట్టునప్పుడు అవి చర్మముమీదికి జాఱి, కుట్టిన రంధ్రముగుండ లోనికి పోవును. 1872లో కలకత్తాలో లూయీ అను వైద్యుడు మనుష్యుల రక్తములో ఈ పురుగుపిల్లలను చూచెను. 1877లో చైనాలోని అమోయ్ రేవుపట్టణమున పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు ఇవి దోమ కడుపులో ఎదుగునని కనిపెట్టెను. దోమ మలేరియాను మోయునని రోనాల్డ్ రాస్ సికిందరాబాదునందు నిరూపించినది ఇరువదియేండ్ల తరువాత, 1897లో. అనగా, దోమకును రోగమునకును గల సంబంధమును లోకమునకు మొదట నేర్పినది బోదకాలే.

ఇచ్చట సభ్యులు ముఖ్యముగ గమనింపవలసిన దొకటి కలదు. పురుగు సోకినవారిలో పెక్కుమందికి పైకి ఏ లక్షణమును కనబడదు. వారు పొలము దున్నుచుందురు, బస్తాలు మోయుచుందురు, ఆటలాడుచుందురు. కాని రాత్రివేళ వారి రక్తములో పురుగుపిల్లలు తిరుగుచుండును. ఇక, ఏండ్లనుండి కాలు వాచియున్నవారి రక్తములో తఱచు పిల్లలు ఉండనే యుండవు. కావున ఊరికి రోగమును పంచునది అరుగుమీద కూర్చున్న బోదకాలు ముసలివాడు కాదు. ఆరోగ్యవంతుడని మనము తలచు యువకుడై యుండవచ్చును. వాచిన కాలుగలవారిని దూరముంచుట అన్యాయమే గాక నిష్ప్రయోజనమును.

కొల్లేటి నీటిపై మోపిన నింద

మన ప్రాంతము కృష్ణా గోదావరుల నడుమనున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కొల్లేటిలో కలియును. కొల్లేటి నీరు ఉప్పుటేటి ద్వారా సముద్రమునకు పోవును. 1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిమ్మట కాలువలు వచ్చి, రెండు పంటల సీమయైనది. పాఱుదల నీరు వచ్చినంత సులభముగ మురుగునీరు పోలేదు. కోస్తాజిల్లాలలో బోదకాలు చిరకాలముగ పాతుకొనియుండుటకు ఈ నిలువనీరును, ఉక్కయు, ఇరుకైన వాసములును తోడైనవి.

అంతమాత్రమున కొల్లేటినే నిందించుట సరికాదు. కొల్లేటి నీరు త్రాగిన బోద వచ్చునని కొందఱు చెప్పుదురు. నీరు త్రాగుటవలన బోదకాలు రాదు. తండ్రినుండి కొడుకునకు సంక్రమించునని కొందఱందురు. అదియు నిజము కాదు. ఒక్క యింటిలో పలువురికి వచ్చుటకు కారణము రక్తసంబంధము గాదు, ఆ యింటివారినందఱను ఒకే మురుగునందు పుట్టిన దోమలు కుట్టుటయే. అమావాస్యకును పున్నమికిని జ్వరము తిరుగబెట్టుచున్నది గనుక ఇది గ్రహచారమని మఱికొందఱందురు. ఆ జ్వరమునకు కారణము చంద్రుడు కాదు. వాచిన కాలి పగుళ్ళగుండ లోనికి పోవు సూక్ష్మక్రిములు. ఆ సంగతి ముందు తెలుపుదుము.

కొల్లేటిలోని గుఱ్ఱపుడెక్కయు అంతరతామరయు దోమలకు నెలవులని చెప్పుట నిజమే. అట్టి నీటిమొక్కల వేళ్ళను పట్టుకొని పెరుగు మాన్సోనియా జాతి దోమ మఱియొక విధమైన బోదపురుగును మోయును. కేరళములోని చేర్తల ప్రాంతము దానికి ప్రసిద్ధము. కాని మన దేశమందలి బోదరోగములో నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు వుచరేరియా పురుగువలన కలుగునదే. దానిని మోయు క్యూలెక్స్ దోమకు విశాలమైన సరస్సుకంటె మన యింటి వెనుకటి మురికిగుంటయే ప్రియము. పాఱని వీధికాలువ, మూతలేని మరుగుదొడ్డి గొయ్యి, వల కట్టని గాలిగొట్టము, పశువులపాక వెనుక నిలిచిన మడుగు, చెత్తపడి పాడైన నుయ్యి, ఇవి దాని పుట్టినిండ్లు. ఏలూరువంటి పట్టణమునందును, కొల్లేటి నడుమనున్న లంకయందును ఇది సమానమే. పుట్టిన తావునకు కొలది దూరములోనే అది తిరుగును. కావున మనలను కుట్టు దోమ తఱచు మనము పెంచినదే.

పుల్లలతో గీతగీసి ఒక్క గ్రామమును మాత్రము కాపాడుకొందుమన్న సాధ్యము కాదు. వరికోతలకు, చేపలచెఱువుల పనికి, తాడేపల్లిగూడెము మార్కెట్టులో బస్తాలు మోయుటకు మెట్టనుండి పల్లమునకును, పల్లమునుండి మెట్టకును కూలివారు వచ్చిపోవుచునే యుందురు. రక్తములోని పురుగు వారితోకూడ ప్రయాణము చేయును. ఒక గ్రామము శుభ్రపడి, పొరుగు గ్రామము ఉపేక్ష చేసినచో ఇరువురకును రక్షణ లేదు.

భీమవరమున పుట్టినవారు చేయించిన మందు

బోదపురుగులను నిర్మూలించు మందు కథలో మన ప్రాంతమునకు గర్వకారణమైన సంగతి కలదు. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. చెన్నపట్టణమున వైద్యవిద్య నభ్యసించి, 1923లో అమెరికా చేరి, హార్వర్డు విశ్వవిద్యాలయమున పరిశోధన చేసిరి. ఆ దినములలో వారి ఇద్దఱు సోదరులు ఉష్ణదేశపు గ్రహణివ్యాధిచే మరణించియుండిరి. వారును ఆ వ్యాధికి లోనై బ్రతికి బయటపడినవారే. పేదదేశముల వ్యాధులు పుస్తకములు చదివి తెలిసికొన్నవి కావు. వారు స్వయముగ నెఱిగినవి.

1940లో వారు లెడర్లీ అను ఔషధశాలకు వచ్చి, అచ్చటి పరిశోధనలకు నాయకత్వము వహించిరి. వారి నేతృత్వమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1947లో హెట్రజాన్ అను మందును ప్రకటించిరి. దాని రసాయననామము డై ఇథైల్ కార్బమజైన్. మనవా రిప్పుడు డి.ఇ.సి. మాత్ర యని వాడుచున్నారు. రక్తములోని పురుగుపిల్లలను ఇది కొలది గంటలలో నశింపజేయును. పెద్దపురుగులలో కొన్నింటిని చంపును. సుబ్బారావుగారు మఱుసటి సంవత్సరము, 1948లో, తమ యేబదిమూడవయేట కాలము చేసిరి. ఆ మందు తమ జన్మభూమి గ్రామములలో ఇంటింటను పంచబడుటను వారు చూడలేదు.

భారతప్రభుత్వమువారు 1955లో జాతీయ బోదవ్యాధి నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించిరి. రాజమహేంద్రవరములోనున్న జాతీయ వ్యాధినియంత్రణ కేంద్రపు శాఖ యీ వ్యాధిని గూర్చి వైద్యసిబ్బందికి శిక్షణ నిచ్చు ప్రధానస్థానములలో నొకటి. మొదట, రక్తములో పురుగు కనబడిన వానికి మాత్రమే పండ్రెండు దినములు వరుసగా మాత్రలు వేయుచుండిరి. ఆ పద్ధతిలో రెండు లోపములు: పురుగుండియు పరీక్షకు చిక్కనివారు మిగిలిపోవుదురు, చిక్కినవారును పండ్రెండు దినములు పూర్తిగా మ్రింగరు. తరువాతి పరిశోధనలవలన ఊరందఱును సంవత్సరమున కొకమాఱు ఒక్క మోతాదు మ్రింగిన చాలునని తెలిసినది. 1997లో ప్రపంచారోగ్య మహాసభ యీ వ్యాధిని నిర్మూలింపవలెనని తీర్మానించెను. 2000లో కార్యక్రమ మారంభమయ్యెను. అప్పుడు ప్రపంచములో పండ్రెండుకోట్ల మందికి పురుగు సోకియుండెననియు, వారిలో నాలుగుకోట్ల మంది అంగవైకల్యము చెందియుండిరనియు అంచనా. మన దేశమున సామూహిక ఔషధసేవనము 2004లో విరివిగ మొదలైనది.

ఎలుకలు నేర్పిన పాఠము

ఊరందఱు ఏల మ్రింగవలెనను ప్రశ్నకు డెల్టారైతునకు వేఱుగ సమాధానము చెప్పనక్కఱలేదు. వరిచేలలో ఎలుకలను నిర్మూలించు రీతిని తలచుకొనిన చాలును. ఒక్క రైతు తన గట్టుమీది కన్నములలో ఎర పెట్టినచో నాలుగు దినములు సుఖపడును. అయిదవనాడు పొరుగుచేని ఎలుకలు వచ్చి ఆ కన్నములనే ఆక్రమించును. ఆయకట్టు రైతులందఱు ఒక్క దినమున, ఒక్క తీరున ఎర పెట్టినప్పుడే ఫలితము. ఎర పెట్టని చేలు కొన్ని మిగిలిన, అవి తక్కిన చేలకెల్ల విత్తనపుమళ్ళగును.

బోదపురుగు సంగతియు నట్టిదే. మాత్ర మ్రింగినవాని రక్తములో సంవత్సరము పొడుగున పురుగుపిల్లలు మిక్కిలి తగ్గిపోవును. ఊరిలో పెక్కుమంది మ్రింగిన, దోమ కుట్టినను దానికి పురుగు దొరకదు. పెద్దపురుగుల యాయువు సుమారు అయిదేండ్లు గావున, ఏటేట విడువక కనీస మయిదేండ్లు ఇట్లు చేసిన, పాతపురుగులు ముదిరి చచ్చును, క్రొత్తవి పుట్టవు. మొత్తము జనాభాలో నూటికి అఱువదియైదుగురకు తక్కువగాక మ్రింగినగాని యీ ఫలము రాదని ప్రపంచారోగ్య సంస్థవారు నిర్ణయించిరి. ఇచ్చట పంచుటకును మ్రింగుటకును భేదము గమనింపవలెను. మాత్రలు పుచ్చుకొని గూటిలో పెట్టినవాడు లెక్కలో చేరును గాని రక్షణలో చేరడు.

ఇట్లు చేసి గెలిచిన దేశము లున్నవి. చైనావారు డి.ఇ.సి. మందును ఉప్పులో కలిపియు పంచి, 2007 నాటికి వ్యాధిని తొలగించిరి. మన పొరుగుననున్న శ్రీలంకయు, మాల్దీవులును 2016లో విముక్తి పొందెను. 2023లో బంగ్లాదేశమును ఆ వరుసను చేరెను. మన దేశము 2027ను గడువుగా పెట్టుకొన్నది.

సందేహములు, సమాధానములు

“నాకు రోగము లేదు, మందేల?” అని పలువు రడుగుదురు. రోగము లేదని కన్ను చెప్పును. రక్తము మఱియొకటి చెప్పవచ్చును. తెగులు కనబడిన పిదప విత్తనశుద్ధి చేయు రైతు లేడు.

“మాత్ర వేసికొన్న జ్వరము, తలనొప్పి, వికారము వచ్చును” అని కొందఱు భయపడుదురు. కొందఱికి అట్లగుట నిజము. ఆ బాధ తఱచు రక్తములోని పురుగుపిల్లలు ఒక్కుమ్మడి చచ్చుటవలన కలుగునది. ఒకటి రెండు దినములలో తగ్గును. అట్టి బాధ కలిగినవాడు, తన రక్తములో పురుగు ఉండియుండెననియు, అది పోవుచున్నదనియు గ్రహింపవలెను. బాధ హెచ్చుగ నున్నచో వెంటనే ఆరోగ్యకార్యకర్తకు తెలుపవలెను.

“ఎవరు మ్రింగరాదు?” రెండేండ్లు నిండని శిశువులును, గర్భిణీస్త్రీలును, తీవ్రవ్యాధితో మంచము పట్టినవారును మ్రింగరాదు. తక్కినవారందఱును మ్రింగవలెను. వంద మిల్లీగ్రాముల డి.ఇ.సి. మాత్రలు రెండు మొదలు అయిదేండ్లవారికి ఒకటి, ఆఱు మొదలు పదునాలుగేండ్లవారికి రెండు, అంతకు పైబడినవారికి మూడు. వీనితో ఆల్బెండజోల్ మాత్ర యొకటి. 2018 నుండి కొన్ని జిల్లాలలో ఐవర్‌మెక్టిన్ అను మూడవ మందునుకూడ చేర్చి యిచ్చుచున్నారు. దానిని మనిషి యెత్తును కొలిచి యిత్తురు, అయిదేండ్లలోపు పిల్లలకును, క్రొత్తగా ప్రసవించిన తల్లులకు మొదటి వారమునను ఈయరు. పరగడుపున గాక, భోజనము చేసిన పిదప, మందు తెచ్చిన కార్యకర్త యెదుటనే మ్రింగుట మంచిది. ఆల్బెండజోల్‌ను నమిలి మ్రింగవలెను. అది పిల్లల కడుపులోని నులిపురుగులనుకూడ పోగొట్టును.

“మా ప్రాంతమున మాత్రలు పంచుట మానినారు, ఇక భయము లేదా?” అని మఱికొందఱడుగుదురు. ఆఱేడేండ్ల పిల్లల రక్తమును పరీక్షించి, క్రొత్తగా పురుగు సోకుట నిలిచినదని తేలిన తావులలోనే పంపిణీ మానుదురు. అటుపిమ్మటను పరీక్షలు జరుగుచునే యుండును. ఆ తావులవారు రక్తపరీక్షకు చేయి చాచుటయు, మురుగు నిలువకుండ చూచుకొనుటయు మానరాదు.

ఇదివఱకే కాలు వాచినవారికి

మాత్రవలన పాతవాపు తగ్గదు. ఈ మాట స్పష్టముగ చెప్పకపోవుటచేతనే, “మందు తిన్నను కాలు తగ్గలేదు” అని పలువురు విశ్వాసము కోల్పోవుచున్నారు. కాలువాపునకు మందు వేఱు. అది సబ్బు, మంచినీరు, ఓపిక.

వాచిన కాలియందు రసము నిలిచియుండుటచే చర్మము మడతలు పడును, పగులును. నాట్లకాలమున బురదలో దినమంతయు నిలిచినవారికి వ్రేళ్ళసందులు నాని చెడును. ఆ పగుళ్ళగుండ సూక్ష్మక్రిములు ప్రవేశించినప్పుడు చలిజ్వరమును, గజ్జలలో బిళ్ళయు, కాలు ఎఱ్ఱబడి మంటయు కలుగును. ఒక్కొక్క పర్యాయము మూడు మొదలు ఏడు దినములు మనిషి లేవలేడు. జ్వరము వచ్చిన ప్రతిమాఱును వాపు మఱికొంత ముదురును. ఏడాదికి నాలుగుమాఱులు వచ్చి, మాఱునకు అయిదుదినములు పడకవేసిన వాని కిరువది దినముల కూలి పోయినదన్నమాట. అవి నాట్లదినములో కోతదినములో యైనచో నష్టము రెట్టింపు.

ఈ జ్వరములను ఆపుట రోగి చేతిలోనున్న పని. దినమునకు రెండుమాఱులు, లేదా పనినుండి వచ్చిన వెంటనే యైనను, కాలిని సబ్బుతో మంచినీటితో మెల్లగ కడుగవలెను. మడతలను, వ్రేళ్ళసందులను మెత్తని పొడిగుడ్డతో ఒత్తి తడి యారునట్లు తుడువవలెను. పగులుగాని పుండుగాని కనబడిన వైద్యుడిచ్చిన లేపనము పూయవలెను. కూర్చున్నప్పుడు కాలిని పీటమీద నుంచుకొనవలెను. పండుకొన్నప్పుడు కాలిక్రింద దిండు పెట్టవలెను. మడమను పైకిని క్రిందికిని ఆడించుచుండవలెను. ఒరయని చెప్పులు తొడుగవలెను. జ్వరము వచ్చినప్పుడు విశ్రాంతి తీసికొని, చల్లనినీట తడిపిన గుడ్డ వేసి, వైద్యుని చూడవలెను. వేడికాపడము పెట్టుట, వాతలు వేయుట, చర్మము కోసి రక్తము తీయుట కూడదు. అవి క్రిములకు క్రొత్తదారులు తెఱచును.

వరిబీజము శస్త్రచికిత్సచే నయమగును. అది సామాన్యమైన చికిత్స. చేయించుకొన్నవాడు తగిన విశ్రాంతి తరువాత మరల పనిలోనికి దిగవచ్చును. సిగ్గుచే పదియేండ్లు మోయుటకంటె ఒక్కదినము ప్రభుత్వపు ఆసుపత్రిలో వైద్యునితో చెప్పుట మేలు. ఇరుకాళ్ళకును తీవ్రమైన బోదగలవారికి మన రాష్ట్రప్రభుత్వము పింఛను నిచ్చుచున్నది. అర్హత గలవారు వైద్యధ్రువపత్రముతో గ్రామ సచివాలయమున విచారించుకొనవచ్చును.

సంఘములు చేయదగిన పనులు

ఈ పని ఆరోగ్యశాఖవారిది గదా, సహకారసంఘమున కేమి యని కొందఱికి తోచవచ్చును. ఒక్కడు మోయలేని బరువును పదిమంది పంచుకొనుటయే సహకారము. ఒక్కడు మ్రింగిన ఫలింపక ఊరంతయు మ్రింగిన ఫలించు మందుకంటె సహకారసూత్రమునకు మంచి యుదాహరణము దొరకదు.

పంపిణీదినము నిర్ణయమైనప్పుడు సంఘాధ్యక్షుడును, పాలకవర్గమువారును అందఱు చూచుచుండగా మొదట తాము మ్రింగవలెను. పెద్దరైతు మ్రింగనిచో పాలేరు మ్రింగడు. ఆ దినమున చేపలచెఱువుమీదను, కళ్ళములోను, మార్కెట్టులోను పనిచేయు కూలీలు ఇంట నుండరు. వారి జాబితాను ముందుగనే కార్యకర్తల కిచ్చి, సాయంకాలము వారికొఱకు వేఱుగ ఏర్పాటు చేయవలెను. వలసవచ్చినవారు ఓటర్ల పట్టికలో లేరని విడువరాదు. దోమకు ఆ పట్టికతో పనిలేదు.

వారమున కొకదినము ఇంటిచుట్టును నిలిచిన మురుగును పాఱజేయవలెను. దోమగుడ్డు దోమయగుటకు మన వేడిసీమలో సుమారు వారము పట్టును గనుక వారమున కొకమాఱు చాలును. మరుగుదొడ్డి గొట్టములకు వలగుడ్డ కట్టవలెను. గోతులకు మూతలు వేయవలెను. పనికిరాని నూతులలో దోమపిల్లలను తిను గంబూసియా చేపలను వదలవచ్చును. క్యూలెక్స్ రాత్రివేళ కుట్టును గావున దోమతెఱ మిక్కిలి రక్షణ. సంఘపు దుకాణమున ఎరువుబస్తాల ప్రక్కను దోమతెఱలును, సబ్బులును ఉంచినచో సభ్యులకు సౌలభ్యము.

కడపటిది, సభ్యులలో బోదకాలుగలవారి యెడ మన నడవడి. పండుగపంక్తిలో వారికి వేఱుగ చోటు చూపుట, ఇంటిపిల్లకు సంబంధములు చెడగొట్టుట మానవలెను. తాకుటచే ఈ వ్యాధి రాదు, పంక్తిభోజనముచే రాదు. వాయిదా తప్పిన సభ్యుడు రోగముచే పని చేయలేకపోయెనని తెలిసినచో, పాలకవర్గము అతనిని నోటీసుతో పలుకరించుటకు మునుపు ఆసుపత్రికి చేర్చుట ధర్మము. అతడు కోలుకొన్న అప్పును తీఱును.

రాబోవు సర్వసభ్య సమావేశమున ప్రతి సంఘమును కార్యక్రమపట్టికలో బోదకాలును ఒక విషయముగ చేర్చి, గ్రామ ఆరోగ్యకార్యకర్తను ఆహ్వానించి, మ్రింగినవారెందఱు, మిగిలినవారెందఱు, వాపుగలవారెందఱు అని వివరముగ చర్చింపవలెనని కోరుచున్నాము. మిగిలినవారి యిండ్లకు ఇద్దఱు సభ్యులను నియమించి పంపిన, ఆ సమావేశమునకు సార్థకత కలుగును.